పొడవాటి జుట్టుకు లేయర్లు: పాయను ఎంత ఎత్తాలి, ఎక్కడ కోయాలి

పొడవాటి జుట్టంతా ఒకే మట్టంగా ఉంటే బరువు కొసల్లోకి దిగిపోతుంది. నెత్తిమీద అణిగిపోయి, కింద మాత్రం గుబురుగా విచ్చుకుంటుంది. లేయర్లు ఈ బరువును పైకి పంచుతాయి. కింది అంచు పొడవు దాదాపు అలాగే ఉంటుంది, పైనుంచి దిగే జుట్టు మాత్రం కొంచెం కొంచెంగా పొట్టి అవుతూ వస్తుంది. బాగా కుదిరిన లేయర్ కట్‌లో ఎక్కడ కోశారో కంటికి తెలియదు. జుట్టు కదిలినప్పుడే తెలుస్తుంది.

ఈ పనిలో ఒక సంగతి మనసుకు పట్టించుకుంటే మిగతాదంతా సాధనతో వస్తుంది. పాయను తలమీంచి ఎంత పైకి ఎత్తి కోస్తే లేయర్ అంత ఎక్కువ వస్తుంది. కిందికి దువ్వి, ఎత్తకుండా కోస్తే కొసలన్నీ ఒకే గీతమీద ఉంటాయి. దీన్నే 0 డిగ్రీలు అంటారు. 45 డిగ్రీలు ఎత్తితే కొసల దగ్గర మాత్రమే కాస్త అంచెలు పడతాయి. తలకు నిటారుగా, అంటే 90 డిగ్రీలకు ఎత్తి కోస్తే తలంతా ఒకే పొడవు వస్తుంది. అది పొట్టి జుట్టుకు నప్పుతుంది కానీ నడుము దాకా పెంచుకున్న జుట్టుకు కాదు. వెనక జుట్టును కూడా ఆకాశంవైపు, 180 డిగ్రీలకు లాగి కోస్తే పైది పొట్టిగా, కిందిది పొడవుగా మిగులుతుంది. పొడవు పోకుండా లేయర్లు కావాలనుకునే వాళ్ళకు కావలసింది ఇదే.

కత్తెర పట్టే ముందు

అన్నిటికంటే పొట్టి లేయర్ ఎక్కడికి రావాలో ముందే తేల్చుకోండి. గడ్డం దాకానా, మెడ కింద కాలర్ ఎముక దాకానా, భుజం కిందికా? మాటల్లో చెప్పుకుంటే ఇద్దరికీ రెండు అర్థాలు వస్తాయి. అందుకని టేపు తీసుకుని మాడు మీంచి చెంప పక్కగా ఆ చోటుదాకా కొలవండి. వచ్చిన కొలతకు ఒక అంగుళం కలపండి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. ఆ అంగుళం అందుకోసమే. జుట్టు నెలకు సుమారు అర అంగుళమే పెరుగుతుంది కాబట్టి రెండంగుళాలు ఎక్కువ కోస్తే నాలుగు నెలలు ఎదురు చూడాలి. ఎక్కువ మిగిల్చిన జుట్టును మళ్ళీ కోయడానికి పది నిమిషాలు చాలు.

పలచటి జుట్టుకు పొట్టి లేయర్లు పెడితే కింద కొసలు తోకలా సన్నబడి, ఉన్న జుట్టు కూడా లేనట్టు కనిపిస్తుంది. అలాంటి వాళ్ళకు కాలర్ ఎముక కిందినుంచి మొదలుపెట్టి తక్కువ లేయర్లు ఇవ్వాలి. ఒత్తయిన జుట్టు గడ్డం దాకా పొట్టి లేయర్‌ను కూడా మోయగలదు. రోజూ జడ వేసుకునే వాళ్ళయితే ఇంకో విషయం ఆలోచించాలి. పొట్టి లేయర్ కొసలు జడ ప్రతి మలుపులోనూ బయటికి పొడుచుకొస్తాయి. పొట్టి లేయర్ భుజాల కంటే పైకి పోకుండా చూసుకుంటే జడ నునుపుగా నిలుస్తుంది.

ఉంగరాల జుట్టు సంగతి వేరే. తడిగా ఉన్నప్పుడు వీపు సగం దాకా వచ్చేది ఆరాక భుజాల దగ్గరికి ముడుచుకుపోవచ్చు. ఒక్కో ఉంగరం ముడుచుకునే తీరు కూడా ఒకేలా ఉండదు. అలాంటి జుట్టును పూర్తిగా ఆరబెట్టి, ఉంగరాలు సహజంగా పడ్డాక ఒక్కో ఉంగరాన్ని చూస్తూ కోయడమే మేలు. కింద చెప్పిన పద్ధతి సాఫీ జుట్టుకు, కొద్దిగా వంకీలు తిరిగిన జుట్టుకు.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. జుట్టు కోసే కత్తెర మాత్రం తప్పనిసరి. 5.5 నుంచి 6 అంగుళాలది చేతిలో బాగా ఇముడుతుంది. కాగితాలు కోసే కత్తెర వెంట్రుకను తెంపదు, నలుపుతుంది. నలిగిన కొస కొద్ది వారాల్లోనే రెండుగా చిట్లుతుంది. లేయర్లలో కొసలు తలంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఆ చిట్లడం తలంతా కనిపిస్తుంది. కత్తెరతోపాటు చిక్కు తీయడానికి వెడల్పు పళ్ళ దువ్వెన, పాయలు తీయడానికి సన్నటి తోక ఉన్న దువ్వెన, ఐదారు పెద్ద క్లిప్పులు, నీళ్ళు చిమ్మే సీసా, టేపు, భుజాలమీద కప్పడానికి ఒక నున్నటి గుడ్డ ఉంటే చాలు. జుట్టును పలచబరిచే పళ్ళున్న థిన్నింగ్ కత్తెర, రేజరు మొదటిసారి పని చేసేవాళ్ళు ముట్టుకోకపోవడమే మంచిది. అవి తప్పును దాచవు, జుట్టు లోపలికి తీసుకుపోతాయి.

తలస్నానం చేయించి, తువ్వాలుతో ఒత్తి, నీళ్ళు కారకుండా చెమ్మగా ఉంచండి. తడి పాయను బిగలాగి కోస్తే ఆరాక అనుకున్నదానికంటే పొట్టిగా తేలుతుంది. పని మధ్యలో ఒక పక్క ఆరిపోతే నీళ్ళు చిమ్మి అన్నివైపులా ఒకే చెమ్మ ఉండేలా చూడండి. సగం తడిగా, సగం పొడిగా కోసిన తల రెండు పక్కలూ సమానంగా రావడం దాదాపు అసాధ్యం.

కూర్చోబెట్టే తీరు కూడా కట్‌లో భాగమే. తల మీ ఛాతీ ఎత్తులో ఉండాలి. వాళ్ళ రెండు పాదాలూ నేలకు ఆనాలి. కాలుమీద కాలు వేసుకుంటే నడుము వంగి, ఒక భుజం పైకి లేస్తుంది, కింది అంచు ఏటవాలుగా వస్తుంది. జుట్టు నడుము దాకా ఉంటే కింది అంచు కోసేటప్పుడు నిలబెట్టడమే సులువు. ఫోన్ చూడొద్దని ముందే చెప్పండి. తల కొద్దిగా వంగినా మీరు పట్టుకున్న కోణం మారిపోతుంది.

ముందు కింది అంచు

లేయర్లకు ముందే కింది అంచు సరిచేయాలి. నడిమి పాపిడిని నుదుటినుంచి మెడ దాకా తీసి, జుట్టును రెండు భాగాలు చేసి పైకి క్లిప్పులు పెట్టండి. మెడ దగ్గర అర అంగుళం మందాన ఒక పాయ వదిలి, తలను కొంచెం ముందుకు వంచి, కిందికి దువ్వి, ఎత్తకుండా కోయండి. అదే కొలతగా పైపాయలను ఒక్కొక్కటే దించుతూ రండి. ప్రతిసారీ కింద పాత గీత కనిపించాలి. కనిపించకపోతే పాయ మందంగా తీసినట్టే, సగానికి తగ్గించండి.

పక్కల జుట్టును వీపుమీదికి లాగి కోయకండి. ముందుకు వదిలినప్పుడు అది వెనకకంటే పొడవుగా దిగి, రెండు మూలలు వేలాడతాయి. జుట్టు ఎక్కడ పడుతుందో అక్కడే పట్టుకుని కోయాలి. చెవిమీంచి వచ్చే జుట్టును బిగించి పట్టకూడదు. చెవి ఉబ్బు పాయను బయటికి తోస్తుంది, బిగించి కోస్తే వదలగానే అక్కడ నొక్కులా కనిపిస్తుంది. దువ్వి వదిలేసి, చెవి దగ్గర చేత్తో మెల్లగా తట్టి, జుట్టు తనంతట తాను పడ్డాక కోయండి.

గైడ్ పాయ

ఇప్పుడు అసలు పని. నడిమి పాపిడి అలాగే ఉంచి, ఒక చెవి వెనకనుంచి మాడుమీదుగా రెండో చెవి వెనక దాకా ఇంకో పాపిడి తీయండి. తల నాలుగు భాగాలవుతుంది. రెండు పాపిళ్ళు కలిసేచోట, మాడుమీద, అంగుళం చదరంలో ఉన్న జుట్టును విడదీయండి. మిగతా పాయలన్నిటికీ ఇదే కొలత, అందుకే దీన్ని గైడ్ అంటారు. ఈ పాయను నిలువుగా పైకప్పువైపు దువ్వి, చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ పట్టుకుని, ముందు కొలిచిన పొడవు దగ్గర వేళ్ళపైన అడ్డంగా కోయండి. ముఖం చుట్టూ తర్వాత దిద్దే జుట్టును మినహాయిస్తే, ఇక తల మొత్తంలో అన్నిటికంటే పొట్టి పాయ ఇదే.

గైడ్ కోసే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెడ దగ్గరి జుట్టు మాడుదాకా రావాలంటే తల వంపుమీద సుమారు 8 అంగుళాలు ప్రయాణం చేయాలి. గైడ్ 12 అంగుళాలైతే మెడ దగ్గర మిగిలే పొడవు 12 కి 8 కలిపి సుమారు 20 అంగుళాలు. మెడ జుట్టు అప్పటికే 20 అంగుళాలు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే అది గైడ్‌ను దాటదు, కింది అంచుకు నష్టం లేదు. కానీ మెడ జుట్టు 24 అంగుళాలుంటే నాలుగంగుళాలు పోతాయి, కష్టపడి సరిచేసిన అంచు చెదిరిపోతుంది. అప్పుడు గైడ్‌ను 16 అంగుళాలకు పెంచండి. కింది పాయలను క్లిప్పు పెట్టి వదిలేసి, మిగతాది పొట్టిగా కోసేవాళ్ళూ ఉంటారు. పైది పొట్టిగా ఆగిపోయి, కింద పొడవాటి పోగులు వేలాడుతూ జుట్టు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఇది మంచి పద్ధతి కాదు. లేయర్లు పొట్టిగా ఉండాలంటే పొడవు కొంత వదులుకోవాలని జుట్టున్న మనిషికి ముందే చెప్పడం నిజాయితీ.

పాయ పాయగా పైకి

వెనక భాగంతో మొదలుపెట్టండి. మాడుకు దగ్గర్లో అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం మందాన అడ్డపాయ తీసి, గైడ్ దగ్గరికి పైకి దువ్వండి. గైడ్ పాయ కూడా వేళ్ళ మధ్య కనిపించాలి. గైడ్ కొసను దాటి పైకి వచ్చిన జుట్టునే కోయండి. తర్వాతి పాయ దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. ప్రతి పాయా మాడుమీదికే రావాలి. గైడ్ కదలదు, జుట్టే గైడ్ దగ్గరికి వస్తుంది. మధ్యలో చెయ్యి అలిసి కిందికి జారితే గైడ్ కూడా జారినట్టే. అక్కడినుంచి వచ్చిన లేయర్లన్నీ అనుకున్నదానికంటే పొట్టివవుతాయి. చెయ్యి అలిస్తే ఆగండి.

కిందికి వచ్చేకొద్దీ గైడ్‌ను దాటే జుట్టు తగ్గుతుంది. ఒక దశలో పాయ గైడ్‌ను అందుకోదు. అక్కడితో ఆపేయండి. అందని జుట్టు ఎలా ఉందో అలాగే ఉండాలి, అదే మీ పొడవు. రెండోపక్క వెనక భాగం కూడా ఇలాగే చేసి, ముందు రెండు భాగాలకు రండి. చెవులముందు జుట్టును కూడా వెనక్కి, మాడుమీదికే తెచ్చి గైడ్‌కు కలపండి. నుదుటి అంచునుంచి మాడుకు కొంత దూరం ఉంది కాబట్టి ముఖం చుట్టూ జుట్టు గైడ్ కంటే పొడవుగా మిగులుతుంది. దాన్ని తర్వాత విడిగా దిద్దుతాం.

కత్తెరను బొటనవేలు, ఉంగరపు వేలితో పట్టుకుని, బొటనవేలు మాత్రమే ఆడించండి. రెండు రెక్కలూ ఆడితే గీత వంకరపోతుంది. దువ్వేటప్పుడు కత్తెరను మూసి, అరచేతిలోకి మడిచి పెట్టుకోండి. పాయ పట్టుకున్న వేళ్ళ రెండో కణుపు దాటి లోపలికి కోయకండి. అక్కడ పట్టు వదులుగా ఉండి జుట్టు జారుతుంది, చర్మం తెగడం కూడా అక్కడే.

మొదట గీతగా కోసినా చివరకు కొసలను అలా వదలకూడదు. కత్తెరను పాయ వెంట దాదాపు నిలువుగా పట్టుకుని, మొనతో కొసల్లోకి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతున చిన్న చిన్న కోతలు పెట్టండి. దీన్ని పాయింట్ కటింగ్ అంటారు. గట్టి గీత చెదిరి, ఒక లేయర్ ఇంకో లేయర్‌లో కలిసిపోతుంది. సాఫీగా, ఒత్తుగా ఉన్న జుట్టులో ఇది తప్పనిసరి. ఎందుకంటే అలాంటి జుట్టు ప్రతి కోతనూ మెట్టులా చూపిస్తుంది. పలచటి జుట్టులో లోతు తగ్గించండి, అర సెంటీమీటరు చాలు.

ముఖం చుట్టూ

నడిమి పాపిడిమీద, నుదుటి అంచుకు ఒకటిన్నర నుంచి రెండంగుళాల వెనక ఒక చోటు గుర్తు పెట్టుకోండి. అక్కడినుంచి ఒక్కో చెవి ముందుదాకా ఏటవాలు పాపిడి తీస్తే ముందు జుట్టు త్రిభుజంలా విడివడుతుంది. వెనకదంతా క్లిప్పు పెట్టేయండి. ఒక పక్క జుట్టును ముక్కు ఎదురుగా, ముందుకు దువ్వండి. గడ్డం దగ్గర, లేదా మీరు నిర్ణయించిన చోట, ముక్కు వైపు పొట్టిగా, చెవి వైపు పొడవుగా వచ్చేలా వేళ్ళను ఏటవాలుగా పట్టి మొనతో కోయండి. కత్తెర తెరిచి కిందికి జార్చే స్లైడ్ కటింగ్ చూడటానికి సులువుగా ఉంటుంది. కానీ కత్తెరకు పదును కాస్త తక్కువైనా జుట్టు పీక్కుపోయి మధ్యలో గుంత పడుతుంది. పాయింట్ కటింగ్‌తోనే చేయండి.

రెండో పక్క కూడా కోశాక రెండు పక్కలనుంచీ పొట్టి పోగును గడ్డం కిందికి తెచ్చి కలపండి. కొసలు సమానంగా ఉండాలి. నుదుటి అంచులో సుడి ఉంటే అక్కడి జుట్టు ఆరాక ఇంకా పైకి లేస్తుంది. ఆ పక్కన ముప్పావు అంగుళం అదనంగా వదలండి.

సరిచూడటం

అడ్డపాయలతో కోశారు కాబట్టి ఇప్పుడు నిలువు పాయలతో చూడాలి. ఒక్కో నిలువు పాయను తలకు 90 డిగ్రీలకు బయటికి పట్టుకోండి. కొసలు పైన పొట్టిగా, కింద పొడవుగా ఒకే ఏటవాలు గీతలా కనిపించాలి. బయటికి పొడుచుకొచ్చిన మూల ఉంటే అంతవరకే, అర సెంటీమీటరుకు మించకుండా తీయండి. లోపలికి గుంత ఉంటే వదిలేయండి. గుంతను సమం చేయాలని చుట్టూ తగ్గిస్తూ పోతే తలంతా పొట్టి అవుతుంది. జుట్టు పెరిగేకొద్దీ, కొసలు దిద్దుతూ ఉంటే అది మెల్లగా కలిసిపోతుంది.

తర్వాత పూర్తిగా ఆరబెట్టి, రోజూ తీసే పాపిడి తీసి మళ్ళీ చూడండి. తడిలో కనిపించనివి ఇప్పుడు బయటపడతాయి. ఎక్కడైనా మెట్టులా గీత కనిపిస్తే, గైడ్ పాయ మందం ఎక్కువైందో, పాయలు గైడ్ దాకా రాలేదో అర్థం. ఆ గీతకు అడ్డంగా, అంటే నిలువుగా పాయ తీసి, గీతకు పైనా కిందా ఉన్న జుట్టు కలిసేలా మొనతో మెల్లగా చెదరగొట్టండి. మాడుమీద పొట్టి వెంట్రుకలు నిక్కుతుంటే గైడ్ మరీ పొట్టిగా పడింది. దానికి కత్తెరతో మందు లేదు, పెరిగేదాకా ఆగాలి. ఒక పక్క బరువుగా ఉంటే ఆ పక్కన మీరు నిలబడిన చోటు మారి ఉంటుంది. పాయ పైకి రాకుండా మీ వైపు ఒరిగి ఉంటుంది. బరువున్న పక్కనే మళ్ళీ మాడుమీదికి ఎత్తి, గైడ్‌తో పోల్చి తీయండి, తేలికైన పక్కను ముట్టుకోకండి.

ఎవరికి వాళ్ళు కోసుకోవాలంటే

తన తల వెనక పాయలు తానే తీసి, మాడుమీదికి ఎత్తి కోయడం సాధ్యం కాదు. దానికి బదులు జుట్టంతా ఒకేచోటికి తెచ్చే పిలక పద్ధతి ఉంది. ముందుకు వంగి జుట్టంతా నుదుటిమీదికి దువ్వి, నుదుటి అంచు మధ్యలో, ముక్కుకు సూటిగా రబ్బరు బ్యాండు వేయండి. కోయాలనుకున్న చోట ఇంకో బ్యాండు.

లెక్క ఇక్కడా అదే. నుదుటి జుట్టుకు బ్యాండు దాకా దూరమే లేదు. మెడ జుట్టు మాత్రం తల వంపుమీద సుమారు 14 అంగుళాలు దాటి రావాలి. నుదుటి అంచునుంచి గడ్డానికి దాదాపు 7 అంగుళాలుంటుంది. అంగుళం అదనంగా కలిపి, మొదటి బ్యాండునుంచి 8 అంగుళాల దగ్గర కోస్తే ముఖం పక్కన జుట్టు గడ్డం కిందికి దిగుతుంది, మెడ దగ్గర సుమారు 22 అంగుళాలు మిగులుతుంది. మెడ జుట్టు 22 కంటే పొడవుంటే, రెండో బ్యాండును అంతమేరకు కిందికి జరపండి. ముందు తక్కువ, వెనక ఎక్కువ పొడవు రావడం ఈ పద్ధతి స్వభావం. చుట్టూ సమంగా కావాలంటే పిలక మాడుమీద వేయాలి.

పిలకను ఒక్క కోతకు తెంపకండి. కత్తెర మూసుకుంటుంటే మందపాటి కట్ట ముందుకు జారుతుంది, ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడవు అవుతుంది. రెండో బ్యాండుకు కింద, చుట్టూ తిప్పుతూ, మొనతో కొద్దికొద్దిగా తీయండి. జుట్టు పొడిగా, చిక్కులేకుండా ఉండాలి. బ్యాండు కింద గుబ్బలా ఎత్తైన చోటు ఉంటే అక్కడ జుట్టు వదులుగా ఉన్నట్టు. విప్పి మళ్ళీ దువ్వండి. ఎప్పుడూ పక్క పాపిడి తీసుకునే వాళ్ళు కోయడం అయ్యాక ఆ పాపిడితోనే అద్దంలో చూసుకుని, ఎక్కువ జుట్టు పడే పక్కన కొసలు మాత్రం దిద్దుకోవాలి.

కోసిన లేయర్లకు 8 నుంచి 12 వారాలకు ఒకసారి కొసలు పావు అంగుళం తీస్తే చాలు. ప్రతిసారీ గైడ్‌ను మళ్ళీ పొట్టి చేస్తే పైజుట్టు ఎప్పటికీ పెరగదు, కింద పలచబడుతుంది. రెండుసార్లు కొసలు, మూడోసారి అవసరమైతేనే లేయర్లు అనే లెక్క పెట్టుకోండి. పని అయ్యాక కత్తెరను మెత్తటి గుడ్డతో తుడిచి, మర దగ్గర ఒక చుక్క నూనె వేసి విడిగా దాచండి. దాంతో ఇంకేమీ కోయకూడదు, ఆఖరికి క్లిప్పుల అట్టపెట్టె టేపు కూడా.